మెడపట్టీ మీద చిరునామా

1751 అక్టోబరులో ఇంగ్లండులోని నారిచ్ పట్టణంలో (స్పెల్లింగ్ చూసి చాలాకాలం దీన్ని 'నార్విచ్' అనే చదువుకున్నాను) ఒక పేట అంటుకుంది. మంటలు అక్కడి బ్రైడ్‌వెల్ దాకా వచ్చాయి. బ్రైడ్‌వెల్ అంటే దిమ్మరుల్నీ, పనీపాటా లేకుండా తిరిగేవాళ్ళనీ తెచ్చి పడేసే చెర. లోపలున్నవాళ్ళు కాలిపోకుండా తలుపులు తీసి అందర్నీ బయటికి పంపించారు. అలా బయటికొచ్చిన వాళ్ళలో ఒక నడివయసు మనిషి ఉన్నాడు. పేరడిగితే చెప్పడు, ఊరడిగితే చెప్పడు, ఏవో శబ్దాలు మాత్రం చేస్తాడు. ఏం నేరం చేశాడని లోపలేశారంటే, అడిగినదానికి జవాబు చెప్పలేకపోవడమే నేరం. తప్పిపోయిన ఒక మనిషి కోసం లండన్ పత్రికలో వచ్చిన ప్రకటన అప్పటికి ఎవరో చదివి ఉన్నారు. అందులోని పోలికలు ఇతనికి సరిపోయాయి.

అతని పేరు పీటర్. ఉండేది బెర్కమ్‌స్టెడ్ ఊరి దగ్గర ఫెన్ అనే రైతు ఇంట్లో. మ్యాపులో గీత గీసి కొలిస్తే అక్కణ్ణుంచి నారిచ్‌కి దాదాపు 160 కిలోమీటర్లు. అంత దూరం ఎందుకు వెళ్ళాడో, దారిలో ఏం తిన్నాడో, ఎన్ని రాత్రులు ఎక్కడ పడుకున్నాడో చెప్పగలిగినవాడు అతనొక్కడే. అతనికి స్పష్టంగా వచ్చినవేమో రెండే మాటలు. ఒకటి తన పేరు, రెండోది రాజుగారి పేరు.

ఇంటికి తీసుకొచ్చాక అతని మెడకి ఒక పట్టీ చేయించారు. తోలూ ఇత్తడీ కలిపి చేసినది. దానిమీద చెక్కించిన మాటల సారాంశం ఇది: ఇతను హానోవర్ నుంచి వచ్చిన అడవి మనిషి పీటర్, బెర్కమ్‌స్టెడ్‌లో ఫెన్‌గారి దగ్గరికి తీసుకొచ్చి అప్పగించినవాళ్ళకి వాళ్ళ శ్రమకి తగ్గ సొమ్ము ఇవ్వబడును. ఆ పట్టీ ఇప్పటికీ బెర్కమ్‌స్టెడ్‌లోని స్కూల్లో భద్రంగా ఉంది.

దాని ఫొటో నేను మొదటిసారి చూసింది పోయినేడాది, రాత్రి ఒంటిగంటప్పుడు. పక్క ట్యాబ్‌లో పిల్లలకి కట్టే జీపీఎస్ బ్యాండ్ల ధరలు పోలుస్తున్నాను.

విషయం ఏమిటంటే, మా అక్క కొడుక్కి తొమ్మిదేళ్ళు. ఇంట్లో వాణ్ణి బుజ్జి అంటాం, ఇక్కడా అదే చాలు. ఆటిజం ఉంది, మాటలు రావు. ఒక ఆదివారం సాయంత్రం హైదరాబాదులో అక్కావాళ్ళ అపార్ట్‌మెంట్ నుంచి చెప్పులు లేకుండా వెళ్ళిపోయాడు. ఎవరో పార్సిల్ ఇచ్చి వెళ్ళాక తలుపు గడియ పడలేదు, అంతే. వాచ్‌మన్ చూశాడట కూడా. పక్కన నడుస్తున్న ఫ్యామిలీతో వెళ్తున్నాడనుకున్నాడు. అక్క ఫోన్ చేసేసరికి నేను ఆఫీసు కాల్‌లో ఉన్నాను. కాల్ అలా వదిలేసి బైక్ మీద వెళ్ళాను. పార్కు, లిఫ్టులు, సెల్లార్, పక్క బ్లాకుల టెర్రస్‌లు అన్నీ వెతికాం. వాట్సాప్ గ్రూపుల్లో ఫొటో పెట్టాం. దాదాపు రెండు గంటలకి దొరికాడు. రెండు సిగ్నళ్ళు దాటి, ఫ్లైఓవర్ కింద ఒక ఇడ్లీ బండి దగ్గర స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, చేతిలో సగం తిన్న ఇడ్లీ. బండి ఆవిడ వాడి చొక్కా అంచు గట్టిగా పట్టుకునే అట్లు పోస్తోంది. "ఏమడిగినా చెప్తలేడు. ఎవరి బిడ్డనో ఏమో, అందుకే పోనిస్తలేను" అంది. ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలీక చెయ్యలేదు. వాడి ఒంటిమీద ఎక్కడా ఏ నంబరూ లేదు కదా.

ఇంటికొచ్చాక తలా తోకా లేని గొడవ జరిగింది. అక్క వాడి చేతికి నంబరున్న పట్టీ కట్టి తీరాలంది. బావ ఒప్పుకోలేదు. "కుక్కకి కట్టినట్టు కడతావా?" అన్నాడు. బావ చెడ్డవాడు కాదు. బుజ్జిని బస్సులోనో పెళ్ళిలోనో జనం చూసే చూపులు ఆయన తొమ్మిదేళ్ళుగా లెక్కపెడుతున్నాడు, వాటికి ఇంకొకటి కలపడం ఇష్టం లేదు. ఆ మాట తర్వాతే నేను ఈ చరిత్రంతా చదవడం మొదలుపెట్టాను. ఇంజినీరుని కదా, సమస్య వస్తే పాత టిక్కెట్లు వెతకడం అలవాటు. ఇదివరకు ఎవరికైనా వచ్చిందా, వాళ్ళేం చేశారు?

పీటర్ 1725లో జర్మనీలో హేమెలిన్ ఊరి దగ్గర అడవిలో దొరికాడు. పన్నెండేళ్ళుంటాయని అంచనా. ఒంటిమీద గుడ్డ లేదు, చిరిగిన చొక్కా పీలిక ఒకటి మెడ చుట్టూ ఉందని చెప్తారు. (పైడ్ పైపర్ కథలో పిల్లలందరూ మాయమైపోయిన హేమెలిన్ ఇదే. బ్రౌనింగ్ చెప్పిన కథలో వెనకబడి మిగిలిపోయేది ఒక్క కుంటి పిల్లాడే. ఒకే ఊరికి ఈ రెండు కథలూ ఎలా వచ్చి చేరాయో!) హానోవర్ పాలకుడే ఇంగ్లండుకి రాజు కూడా, మొదటి జార్జి. ఆయన ఈ పిల్లాణ్ణి చూసి ముచ్చటపడి 1726లో లండన్‌కి తెప్పించాడు. ఆ ఏడాది లండన్‌లో పీటర్ పెద్ద వార్త. విలియం కెంట్ కెన్సింగ్టన్ ప్యాలెస్ మెట్ల గోడమీద రాజు కొలువువాళ్ళ బొమ్మలు వేస్తూ వాళ్ళలో ఇతన్నీ వేశాడు. ఆకుపచ్చ కోటు, గుబురు జుట్టు, చేతిలో ఓక్ ఆకులు. ఇప్పుడు వెళ్ళినా చూడొచ్చు. రాబిన్సన్ క్రూసో రాసిన డిఫో ఇతని మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. మాటల్లేని మనసులో ఆలోచన ఉంటుందా, భాష రానివాడికి ఆత్మ సంగతేమిటి, ఇలాంటి ప్రశ్నలతో. చదువు చెప్పమని డాక్టర్ అర్బత్‌నాట్‌కి అప్పగించారు. ఈయన స్విఫ్ట్‌కీ పోప్‌కీ స్నేహితుడు, గొప్ప హాస్యరచయిత. మాటలు మాత్రం నేర్పలేకపోయాడు. లినేయస్ జీవజాతుల పట్టికలో అడవి మనుషుల కింద 'హానోవర్ కుర్రవాడు' అని ఒక పద్దు రాసుకున్నాడు.

అంటే అందరికీ ఇతన్తో ఏదో ఒక అవసరం ఉంది. ఒకరికి మనిషి తొలిరూపం కావాలి, ఒకరికి భాష పుట్టుక కావాలి, రాణివాసానికి వినోదం కావాలి. పిల్లాడు అడవిలోకి ఎలా వచ్చాడన్న ప్రశ్న మాత్రం ఎవరికీ పెద్దగా తోచినట్టు లేదు. ఆ ప్రశ్న గట్టిగా అడిగినవాడు బ్లూమెన్‌బాఖ్, అదీ పీటర్ పోయిన చాలా ఏళ్ళకి, 1811లో. పాత కాగితాలు తవ్వి ఆయన తేల్చింది ఏమిటంటే, తోడేళ్ళూ లేవు, ఎలుగుబంట్లూ లేవు. పుట్టుకతో మాటరాని, బుద్ధి ఎదగని పిల్లాడు. తండ్రి రెండో పెళ్ళి చేసుకున్నాక సవతి తల్లి ఇంట్లోంచి తరిమేసింది. 2011లో చరిత్రకారిణి లూసీ వర్స్‌లీ కెంట్ వేసిన బొమ్మలోని పోలికల్ని (ఆ పెదవుల వంపు, రింగుల జుట్టు), కలిసిపోయిన రెండు వేళ్ళ గురించిన పాత రాతల్నీ జన్యుశాస్త్రవేత్త ఫిల్ బీల్స్‌కి చూపించింది. అది పిట్-హాప్కిన్స్ సిండ్రోమ్ కావచ్చని ఆయన అన్నాడు. 1978లో మొదటిసారి గుర్తించిన అరుదైన జన్యు సమస్య అది. ఎదుగుదల ఆలస్యమవుతుంది, చాలామందికి మాటలు రావు. గోడమీద బొమ్మ చూసి చేసిన రోగనిర్ధారణకి ఎంత విలువివ్వాలో నాకు తెలీదు గానీ బ్లూమెన్‌బాఖ్ వాదనకి మాత్రం అది దగ్గరగా ఉంది. పీటర్ అడవిలో పెరిగినవాడు కాదు, అడవిలో వదిలేసినవాడు. లేదా తనే నడిచి వెళ్ళిపోయి దారి తెలీక మిగిలిపోయినవాడు. రెంటికీ మధ్య గీత ఎక్కడుందో మూడు వందల ఏళ్ళ తర్వాత గీయలేం.

మోజు తీరాక రాజకుటుంబం అతన్ని పల్లెకి పంపింది. ఏడాదికి 35 పౌన్లు భత్యం. అలా ఫెన్ కుటుంబం దగ్గరికి చేరాడు. ఇంకా ముప్ఫై ఏళ్ళకి పైగా అక్కడే బతికి, 1785 ఫిబ్రవరిలో పోయాడు. నార్త్‌చర్చ్‌లో సమాధి ఉంది. తనని చూసుకున్న రైతు పోయాక తిండి మానేసి కొద్దిరోజుల్లోనే పోయాడని చెప్పుకుంటారు.

ఇప్పుడు ఆ పట్టీ సంగతి. నేను విమర్శకుణ్ణేమీ కాదు, సరదాకి పుస్తకాల మీద రాస్తుంటాను. ఆ అలవాటుతో ఆ రెండు వాక్యాల్నీ పద్యంలా పట్టుకుని కూర్చున్నాను. మొదటి వాక్యంలో అతను 'అడవి మనిషి'. అప్పటికి అడవి వదిలి పాతికేళ్ళయింది, బార్న్‌లో పడుకుంటున్నాడు, పొలం పనిలో సాయం చేస్తున్నాడు, పాట వినిపిస్తే ఊగుతున్నాడు. అయినా మెడమీద మాత్రం అడవి మనిషే. రెండో వాక్యం దారినపోయేవాడితో మాట్లాడుతుంది, డబ్బులిస్తామంటుంది. దయ చూపించమని అడగడం లేదు. బావ కళ్ళతో చదివితే ఇది యజమాని వస్తువు మీద వేయించుకున్న ముద్ర. ఏడాదికి 35 పౌన్లు తెచ్చే మనిషి తప్పిపోతే నష్టం ఎవరికి? బానిసలకి కూడా మెడపట్టీలు వేసిన కాలం అది, లండన్ పత్రికల్లో పారిపోయిన బానిసల కోసం ఇలాంటి ప్రకటనలే పడేవి. ఆ సంగతి పక్కకి పెట్టి ఈ పట్టీని చూడలేం.

అక్క కళ్ళతో చదివితే ఇంకోలా ఉంటుంది. ఇంతమంది రచయితలు, వైద్యులు, రాజులు పీటర్ గురించి రాసినవాటిలో అతను ఎవరింటికి చెందినవాడో చెప్పిన రాత ఇదొక్కటే. అది లేకపోవడం వల్లనే నారిచ్‌లో చెరలో పడ్డాడు, ఆ చెరలోనే కాలిపోబోయాడు. నిప్పు పక్కపేటకి తిరిగి ఉంటే అతను ఎవరో ఎవరికీ ఎప్పటికీ తెలిసేది కాదు.

నాకు రెండు పాఠాలూ సరైనవే అనిపించాయి. చిక్కంతా అక్కడే ఉంది.

పీటర్ తర్వాత ఫ్రాన్స్‌లో విక్టర్. సినిమాలు చూసేవాళ్ళకి త్రూఫో 1970లో తీసిన 'ద వైల్డ్ చైల్డ్' ద్వారా తెలిసే ఉంటాడు. అవెయ్‌రోన్ అడవుల్లో దొరికిన పిల్లాడు, అతనికి చదువు చెప్పిన యువ వైద్యుడు ఇటార్. ఆయన పద్ధతులే తర్వాత సెగాఁ మీదుగా మాంటిస్సోరీ దాకా వచ్చాయి, ఇవాళ మన పిల్లల బళ్ళలో కనిపించే ఆ చెక్కముక్కల అచ్చులు అవే. కానీ నాకు ఇటార్ 1806 నివేదికలో పట్టుకున్నది వేరే చోటు. విక్టర్ ఒకసారి పారిస్ నుంచి తప్పించుకుని సాఁలీస్ వైపు వెళ్ళిపోయాడు. పోలీసులు పట్టుకున్నారు, ఎవరో తెలీక రెండు వారాలు పారిస్‌లోని తాఁప్ల్ చెరలో ఉంచారు. ఇక్కడా చెరే, గమనించండి. మాట రాకపోతే మొదటి మజిలీ ఎప్పుడూ అదే. చివరికి అతనికి అన్నం పెట్టే గెరాఁ అనే ఆవిడ వచ్చింది. ఆవిణ్ణి చూడగానే పిల్లాడు పాలిపోయి స్పృహ తప్పాడు. ఆవిడ దగ్గరికి తీసుకుని నిమిరితే తేరుకుని సంతోషంతో కేకలు పెట్టాడు. చూస్తున్నవాళ్ళకి పారిపోయి దొరికిన ఖైదీలా కనపడలేదట, తల్లి చేతుల్లోకి తిరిగొచ్చిన కొడుకులా కనపడ్డాడట. పారిపోయినవాడికి ఇంటిమీద ప్రేమ లేదనుకుంటాం. ఇటార్ నివేదికలో ఈ ఒక్క సంఘటన ఆ లెక్కని తప్పు చేస్తుంది. ఇడ్లీ బండి దగ్గర అక్కని చూసి బుజ్జి ఏం చేశాడో నేను చూశాను. స్పృహ తప్పలేదు. సగం ఇడ్లీ అక్క నోట్లో పెట్టాడు.

ఆ తర్వాత నూటయాభై ఏళ్ళు ఈ సమస్య చరిత్రలో దాదాపు కనపడదు. ఎందుకంటే గోడలు వచ్చాయి. ఇంగ్లండులో 1855లో ఎర్ల్స్‌వుడ్ తెరిచారు (డౌన్ సిండ్రోమ్‌కి పేరిచ్చిన డాక్టర్ డౌన్ పనిచేసింది అక్కడే). మంచి ఉద్దేశంతో మొదలైన కట్టడమే. 1913లో వచ్చిన చట్టం ఇలాంటివాళ్ళని సంస్థల్లో ఉంచడాన్ని రాజ్యం పనిగా చేసింది. అమెరికాలో ఊళ్ళకి ఊళ్ళంత సంస్థలు కట్టారు. న్యూయార్క్‌లోని విల్లోబ్రూక్‌లో వేలమంది పిల్లలు మలమూత్రాల మధ్య, బట్టల్లేకుండా ఉండడాన్ని 1972లో ఒక టీవీ విలేఖరి కెమెరాతో లోపలికి వెళ్ళి చూపించేదాకా లోకానికి పట్టలేదు. తాళం వేసిన చోట మెడపట్టీ అక్కర్లేదు కదా. పిల్లలు తప్పిపోవడం ఆగింది, ఎందుకంటే వాళ్ళు అప్పటికే తప్పిపోయారు. 1975లో అమెరికా చట్టం ఈ పిల్లలకీ మామూలు బడి హక్కు ఇచ్చింది. పిల్లలు ఇళ్ళకొచ్చారు, బళ్ళకొచ్చారు. వాటితోబాటు తలుపులూ వచ్చాయి. ఇవాళ ఏ తల్లిదండ్రులైనా గడియ పడిందా లేదా అని రాత్రి మూడుసార్లు లేచి చూసుకుంటున్నారంటే, దాని వెనక ఒక గెలుపు కూడా ఉంది.

అమెరికా వైద్యులు ఈ వెళ్ళిపోవడాన్ని 'ఎలోప్‌మెంట్' అంటారు. మొదటిసారి చదివినప్పుడు నాకు తెలుగు సినిమాలో లేచిపోవడం గుర్తొచ్చి నవ్వొచ్చింది, ఆ తర్వాతి పేజీలో అంకెలు చూసి ఆగిపోయింది. 2012లో 'పీడియాట్రిక్స్' పత్రికలో వచ్చిన అధ్యయనం, 1,218 మంది ఆటిజం పిల్లల తల్లిదండ్రుల్ని అడిగి చేసినది. నాలుగేళ్ళు దాటాక ఒక్కసారైనా అలా వెళ్ళిపోబోయినవాళ్ళు 49 శాతం. వాళ్ళలో సగానికి పైగా కంగారుపడేంత సేపు కనపడకుండా పోయారు. అలా కనపడకుండా పోయిన పిల్లల్లో 65 శాతం వాహనాల కింద పడబోయారు, 24 శాతం నీళ్ళలో మునిగే ప్రమాదం దాకా వెళ్ళారు. నీళ్ళు ఈ పిల్లల్లో చాలామందిని లాగుతాయి. అక్కడి సంస్థలు తల్లిదండ్రులకి చెప్పే మొదటి మాట, ముందు దగ్గర్లోని నీళ్ళ దగ్గర వెతకండి అని. మేం ఆ సాయంత్రం సెల్లార్లూ టెర్రస్‌లూ వెతికాం. అపార్ట్‌మెంట్ వెనక అర కిలోమీటరులో చెరువుంది. అటువైపు ఒక్కరం కూడా వెళ్ళలేదు. ఈ వాక్యం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

2011లో అమెరికా వైద్య సంకేతాల పట్టికలో దీనికి విడిగా ఒక కోడ్ చేర్చారు. లెక్క తెలిస్తే సాయం వస్తుందని తల్లిదండ్రుల సంఘాలు అడిగి సాధించుకున్నాయి. ఆటిజం ఉన్న పెద్దవాళ్ళు నడుపుకునే సంఘం దాన్ని వ్యతిరేకించింది. ఒక మనిషి తనకి నచ్చనిచోటు నుంచి లేచి వెళ్ళిపోతే అది రోగలక్షణమా, జవాబా? మాట రానివాడికి కాళ్ళే నోరు కావచ్చు కదా. కోడ్ చేతిలో ఉంటే రేపు ఏ బడైనా, ఏ హోమైనా కట్టేసి ఉంచడానికి దాన్నే కారణంగా చూపిస్తుంది అన్నారు. ఈ అభ్యంతరం చదవక ముందు నేను పూర్తిగా అక్క పక్షం. చదివాక బావ మాట ఇంకోసారి విన్నాను.

2013 అక్టోబరులో న్యూయార్క్‌లో క్వీన్స్ ప్రాంతపు బడి నుంచి పద్నాలుగేళ్ళ మాటరాని పిల్లాడు పక్కతలుపు గుండా పరుగెత్తాడు. ఎదురుగా ఈస్ట్ రివర్. అతనికి రైళ్ళంటే ఇష్టమని మెట్రో సొరంగాలన్నీ వెతికారు, తల్లి గొంతు రికార్డు చేసి పోలీసు వాహనాల మైకుల్లో వినిపిస్తూ వీధులన్నీ తిరిగారు. మూడు నెలలకి నది ఒడ్డున అవశేషాలు దొరికాయి. ఆ తర్వాత నగరం బడి తలుపులకి అలారాల కోసం చట్టం చేసింది. 2018లో దేశం మొత్తానికి 'కెవిన్ అండ్ అవాంటేస్ లా' వచ్చింది. అవాంటే ఈ పిల్లాడు. కెవిన్ 2008లో అయోవాలో నదిలో పోయిన తొమ్మిదేళ్ళవాడు. ట్రాకింగ్ పరికరాలకీ, పోలీసుల శిక్షణకీ ఆ చట్టం డబ్బిస్తుంది. అది పాసవ్వడానికి ఏళ్ళు పట్టింది, అడ్డుపడినవాటిలో ఒకటి మనకి తెలిసిన ప్రశ్నే: రాజ్యం మనుషులకి పట్టీలు కడుతుందా? చివరికి పరికరం స్వచ్ఛందంగానే ఉండాలి, చర్మం కిందికి ఏదీ పోకూడదు అన్నదగ్గర రాజీ కుదిరింది. తోలు పట్టీ కాలం నుంచి ఇక్కడిదాకా వచ్చి మళ్ళీ మెడ దగ్గరే ఆగాం.

మరి మన దగ్గర? ఈ కోణంలో రాసిన తెలుగు చరిత్ర పుస్తకం నాకు కనపడలేదు గానీ వస్తువులు కనపడ్డాయి. నడక వచ్చిన పిల్లల కాళ్ళకి మువ్వలు కట్టేది ముద్దుకే కాదు. వంటింట్లో ఉన్న తల్లికి పిల్ల ఎక్కడుందో చెప్పే పరికరం అది, ఛార్జింగ్ అక్కర్లేనిది. యశోద కృష్ణుణ్ణి రోటికి కట్టినప్పుడు తాడు ప్రతిసారీ రెండు వేళ్ళు తక్కువయ్యేదన్న కథని ఇప్పుడు చదివితే నాకు దేవుడి మహిమ కన్నా ముందు ఆవిడ అలసట కనపడుతోంది. మా నాయనమ్మ తమ్ముడు ఒకాయన ఉండేవాడట, ఊరంతా 'మూగాయన' అనేవారు, అసలు పేరు ఇంట్లోనే చాలామందికి తెలీదు. తిరణాళ్ళలో రెండుసార్లు తప్పిపోతే వాళ్ళమ్మ ఆయన ముంజేతి మీద ఊరి పేరు పచ్చబొట్టు పొడిపించింది. పేరు కాదు, ఊరి పేరు. ఊరికి చేరిస్తే చాలు, ఊళ్ళో అందరికీ తెలుసు. నాయనమ్మ ఈ సంగతి చెప్పినప్పుడు నేను ఏడో ఎనిమిదో చదువుతున్నాను, పట్టించుకోలేదు. పీటర్ పట్టీ చూసిన రాత్రి గుర్తొచ్చింది. తోలుపట్టీ విప్పొచ్చు, పచ్చబొట్టు విప్పలేం. కానీ ఆయన్ని చూసినవాళ్ళెవరికీ అది వింతగా కనపడి ఉండదు, ఎందుకంటే నాయనమ్మ చేతిమీదా పచ్చబొట్టు ఉండేది, పక్కింటావిడ చేతిమీదా ఉండేది. బావ దగ్గరికి ఈ కథే తీసుకెళ్ళాను.

ఊరి పేరు చాలని అనుకునే రోజులు పోయాయి. 2013లో సుప్రీంకోర్టు, తప్పిపోయిన ప్రతి పిల్లవాడి ఫిర్యాదునీ ఎఫ్ఐఆర్‌గా నమోదు చేసి తీరాలంది. అంతకు ముందు 'రేపు వస్తాడులే' అని పంపించేసేవాళ్ళు. 2017లో బెంగళూరులో మానసిక వైకల్యం ఉన్న పిల్లల హోమ్‌లో ఆధార్ నమోదు చేస్తుంటే ఒక కుర్రాడి వేలిముద్రలు మళ్ళీ తీసుకోవడానికి సిస్టమ్ ఒప్పుకోలేదు. అవి ఇదివరకే ఉన్నాయి, ఇండోర్ చిరునామాతో. మా భాషలో దాన్ని డూప్లికేట్ ఎర్రర్ అంటాం. ఒక ఎర్రర్ మెసేజ్‌ని చూసి ఒక ఇల్లు సంబరం చేసుకోవడం నాకు తెలిసి అదే మొదలు. ఇంకోటి మనకి ఇంకా దగ్గరది. 2015 జులైలో ప్రయాగ్‌రాజ్ దగ్గర తప్పిపోయిన ఎనిమిదేళ్ళ పిల్లాడు అదే నెలలో అస్సాంలోని గోల్‌పాడాలో దొరికాడు. కానీ ఎవరి పిల్లాడో చెప్పలేకపోయాడు. అయిదేళ్ళు అక్కడి హోమ్‌లోనే పెరిగాడు. తెలంగాణ పోలీసుల 'దర్పణ్' అనే ముఖాల్ని పోల్చే సాఫ్ట్‌వేర్ రెండు రాష్ట్రాల ఫొటోల్ని కలిపితే 2020 అక్టోబరులో ఇంటికి వెళ్ళాడు. దర్పణ్ అంటే అద్దం.

ముఖాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ హైదరాబాదు వీధుల్లో ఇంకా దేనికి వాడుతున్నారో అడిగి కోర్టుకెళ్ళినవాళ్ళున్నారు, నేను వాళ్ళతో ఏకీభవిస్తాను. అదే సాఫ్ట్‌వేర్ ఆ పిల్లాణ్ణి ఇంటికి చేర్చినందుకు సంతోషిస్తాను. ఇందులో పొంతన లేదని ఫ్రెండ్ ఒకడు అన్నాడు. లేదు మరి. పీటర్‌కి ఒక్కడికే కట్టిన పట్టీ ఇప్పుడు అందరి ముఖాలకీ ఉంది. తేడా ఏమిటంటే పాతదాన్ని దారినపోయే ఎవడైనా చదవగలిగేవాడు, ఇప్పటిది సర్వర్ ఒక్కటే చదువుతుంది. ఇడ్లీ బండి ఆవిడకి దర్పణ్ లాగిన్ లేదు. ఆవిడ చదవగలిగినది కావాలి.

కొన్నాం అన్నీ. జీపీఎస్ బ్యాండ్‌ని బుజ్జి పళ్ళతో కొరికేశాడు, రెండు రోజులు పట్టింది. బూటు అడుగున పెట్టే పరికరం ఒకటి తెచ్చాను, వాడు వెళ్ళేదే చెప్పుల్లేకుండా అన్న సంగతి డెలివరీ అయ్యాక గుర్తొచ్చింది. చొక్కా కాలర్ లోపల అక్క నంబరు కుట్టింది. వాడికి మెడ వెనక లేబుల్ తగిలితే పడదు, గోకి పీకేశాడు. తలుపుకి పైన, వాడికి అందని ఎత్తులో రెండో గడియ పెట్టించాం, తెరుచుకుంటే మోగే అలారం నేనే బిగించాను. ఈతకి చేర్పించాం. ఇది మాత్రం వాడికి ఎంత నచ్చిందంటే బయటికి రమ్మంటే ఏడుస్తాడు. అక్క సందు చివర కిరాణా కొట్టు, ఇస్త్రీ బండి, ఆటోస్టాండు అన్నీ తిరిగి వాణ్ణి పరిచయం చేసింది. బావ ఫ్లైఓవర్ కింద బండి దగ్గరికి ప్రతి ఆదివారం వాణ్ణి తీసుకెళ్తున్నాడు. ఆవిడ వాడికోసం ఒక స్టూలు విడిగా ఉంచుతుంది. బావ కట్టద్దన్నదీ, ఇలా ఆదివారాలు తీసుకెళ్తున్నదీ ఒకే కారణంతోనని నాకు ఈమధ్యే అర్థమైంది.

చేతిపట్టీ చివరికి బావే తెచ్చాడు. మెత్తటి గుడ్డది, చార్మినార్ దగ్గర ఎంబ్రాయిడరీ చేయించాడు. ఒకటి కాదు, నాలుగు. వాడికి, అక్కకి, తనకి, నాకు. నలుగురికీ ఒకే రంగు. బుజ్జి మా ముగ్గురి చేతుల్నీ వరసగా చూసి తనది ఉంచుకున్నాడు, ఇప్పటికి అయిదు వారాలు. దానిమీద 'అడవి మనిషి' లాంటి మాటేమీ లేదు, రోగం పేరూ లేదు. ముగ్గురి నంబర్లు మాత్రం ఉన్నాయి, మూడోది నాది. అప్పట్నుంచి తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే మీటింగ్‌లో ఉన్నా సరే ఎత్తుతున్నాను. ఇప్పటిదాకా అన్నీ పర్సనల్ లోన్ కావాలా అని అడిగేవే. వాళ్ళు చెప్పేది పూర్తిగా విని, వద్దని చెప్పి పెట్టేస్తున్నాను.